అరగంట చీకటి

ఇమ్మానుయేల్ రాత్రి పది గంటలకే వచ్చి ఊరి బయట ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగా, పడిపోయిన కంచె రాతి కూసం మీద కూర్చున్నాడు. పదిన్నరకు గంగరత్న ఫోన్ చేస్తుంది, తను లేచి స్తంభానికున్న ఇనుప పిడిని కిందికి లాగుతాడు, ఊరంతా చీకటవుతుంది, పదకొండుకు మళ్లీ పైకి తోస్తాడు, అంతే పని. లైన్‌మన్‌గా ఇరవై రెండేళ్లలో ఇట్లాంటి పిడిని ఎన్ని వేలసార్లు లాగి ఉంటాడో, అయినా అరచెయ్యి చెమట పడుతోంది, ప్యాంటుకు తుడుచుకుంటే మళ్లీ పడుతోంది, ఎండాకాలం కదా అనుకున్నాడు, మే నెలాఖరు, రాయి ఇంకా పగటి వేడిని వదలలేదు, గాలి కూడా ఎవరో పొయ్యి ముందు నుంచి విసిరినట్టు వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ ఝుం అంటోంది. ఆ చప్పుడు వింటే చాలు ఊళ్లో ఎన్ని కూలర్లు తిరుగుతున్నాయో ఉజ్జాయింపుగా చెప్పగలడు, ఈ రోజు తక్కువగా ఉంది, జనమంతా బడి వెనక బండ మీదికి పోయినట్టున్నారు, చాపలు, నీళ్ల సీసాలు, చంటిపిల్లలు. భార్య సువార్త కూడా అక్కడికే పోయింది. ఆమె ఎప్పుడూ బయటికి పోతూ అన్నం తిన్నావా అని అడుగుతుంది, ఈ రోజు మాత్రం ఎందుకు అట్లున్నావు అని అడిగింది, ఎట్లున్నాను అన్నాడు తను, ఆమె కాసేపు చూసి చాప చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇదంతా గంగరత్న పెట్టిన పని. ఒకప్పుడు తనతో కలిసి లైన్ పని చేసిన తిప్పేష్ అన్న కూతురు, సొంత ఊరి హైస్కూలుకే సైన్సు టీచరుగా వచ్చిన పిల్ల, మూడు వారాల కింద ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి, సువార్త ఇచ్చిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి వెనక వైపు పెన్సిలుతో చుక్కల గుంపులు గీసింది. ఇది తేలు, ఇది తేలు కొండి, దాని పక్కన ఇది కెటిల్ అంది. పుస్తకాల్లో ధనుస్సు అని ఉంటుందట, విల్లు పట్టుకున్న మనిషి, ఎంతసేపు చూసినా పిల్లలకు ఆ మనిషి కనపడడట, చాయ్ కొట్టు బాబావలి మామ కెటిల్ అంటే మాత్రం టక్కున కనపడుతుందట, పిడి, మూత, మూతి అన్నీ. కొండికీ కెటిల్ మూతికీ మధ్య ఒక చుక్క పెట్టి దాని చుట్టూ సున్నా చుట్టింది. పాలపుంత మొత్తానికి అదే నడిమధ్య, మన సూర్యుడు, మనం, కుందుర్పి, కళ్యాణదుర్గం అన్నీ దాని చుట్టే తిరుగుతున్నాయి అంది, అక్కడి నుంచి వెలుతురు బయలుదేరితే ఇక్కడికి రావడానికి ఇరవై ఆరు వేల ఏళ్లు అంది. తనకు ఆ ఏళ్లు బుర్రకెక్కలేదు, అందుకని తెలిసిన ప్రశ్న అడిగాడు.

"ఆడ ఏం కనపడుతుంది?"

"ఏం కనపడదు చిన్నాయనా. మధ్యలో అంతా దుమ్ము అడ్డం ఉండాది."

"మరి ఏం చూపిస్తావు పిల్లోళ్లకు?"

"యాడుండాదో చూపిస్తా. కనపడకున్నా దిక్కు తెల్సుంటే చాలు కదా."

ఆ మాట అని మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసింది, వాళ్ల నాయన తాగినట్టే, తల వెనక్కి వేసి. ఆ తర్వాత సర్పంచిని అడగడం, అమావాస్య చూసుకోవడం, ఊళ్లో మైకు పెట్టి చెప్పించడం అంతా ఆ పిల్లే చేసింది. కరెంటు ఆపడానికి ఇంజనీరు సారును తను అడిగాడు, ఆయన నవ్వి కారణం దగ్గర చెట్ల కొమ్మలు కొట్టినట్టు రాసుకో అన్నాడు. వద్దు సార్, చుక్కలు చూడ్డానికి అనే రాస్తాను అన్నాడు తను, ఎందుకు అట్లా పట్టుబట్టాడో తనకే తెలియదు, బహుశా ఇక మీదట ఏ కాగితం మీదా లేనిది రాయకూడదని ఉండి ఉంటుంది, ఒకసారి రాసింది చాలు.

చుక్కల సంగతి తిప్పేష్ అన్నకు బాగా తెలుసు. ఆ రోజుల్లో బోర్లకు కరెంటు రాత్రిళ్లే ఇచ్చేవాళ్లు, రెండు గంటలకో మూడింటికో, రైతులు చేలల్లోనే పడుకుని మోటరు చప్పుడు కోసం కాచుకునేవాళ్లు, ఏ ఫ్యూజు పోయినా కబురు తమ ఇద్దరికీ వచ్చేది, మోపెడ్ మీద అన్న ముందు, నిచ్చెన పట్టుకుని తను వెనక. పని అయ్యాక వేరుశనగ చేను గట్టున కూర్చుని కదిరమ్మ వదిన కట్టిచ్చిన రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి తినేవాళ్లు. ముద్ద సగానికి విరిచి పెద్ద సగం తనకిచ్చేవాడు, నువ్వు ఎక్కేవాడివి కాదు, మోసేవాడివి, నీకే ఆకలి అనేవాడు. గడియారం లేకుండా తేలు ఎంత వాలిందో చూసి టైము చెప్పేవాడు, పది నిమిషాలు అటూ ఇటూ అంతే. పైకి చూడు అనేవాడు మాటిమాటికీ, చుక్కలకు కాదు, పని గురించి. పిడి లాగగానే పైకి చూడు, మూడు కత్తులూ విడిపోయినాయా లేదా నీ కళ్లతో చూడు, చప్పుడును నమ్మొద్దు. పైన స్విచ్చికి మూడు ఇనుప కత్తులుంటాయి, తీగెకు ఒకటి, పిడి లాగితే మూడూ ఒకేసారి నోరు తెరవాలి. కొత్తలో రోజుకు పదిసార్లు చెప్పేవాడు, తర్వాత చెప్పడం మానేశాడు, ఎనిమిదేళ్లు పక్కన తిరిగినవాడికి ఇంకా ఏం చెప్తాడు, నమ్మేశాడు.

పద్నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం, ఆరున్నర. పెద్ద గాలి వచ్చి వెళ్లిపోయింది, నాలుగు చినుకులు పడి మట్టి వాసన లేచింది, ఈరప్ప చేనులో తీగె తెగి వేలాడుతోంది. ఇప్పటికీ ఆ వాసన రాగానే ఇమ్మానుయేల్ ముక్కు మూసుకుంటాడు, ఊరంతా వాన వాసనకు మురిసిపోయేటప్పుడు తనొక్కడే లోపలికి పోయి తలుపు వేసుకుంటాడు, సువార్త అది జలుబు అనుకుంటుంది. ఆ రోజు పిడి లాగాడు, టక్కుమంది, ఎప్పటిలాగే టక్కుమంది. చెప్పులో ముల్లు ఉంది. అంతే, ఇంకేమీ లేదు, తాగి లేడు, ఎవరితోనూ పోట్లాట లేదు, నిద్ర లేక కాదు, చెప్పులో తుమ్మ ముల్లు దిగింది, పిడి లాగి వంగి ముల్లు తీసుకున్నాడు. తీసినావా అని అన్న అడిగాడు, తీసినా అన్నా, ఎక్కు అన్నాడు తను, వంగే ఉండి అన్నాడు. రెండు కత్తులు తెరుచుకున్నాయి, మూడోది తుప్పుపట్టి అట్లాగే కరుచుకుని ఉంది, ఆ తీగెలో కరెంటు ఆగలేదు, అన్న పైనుంచి పడ్డాడు. తల ఎత్తితే కనపడేది. ఆ వెలుతురుకు కనపడేదే.

విచారణకు వచ్చినవాళ్లు స్విచ్చి విప్పి చూసి తుప్పు అని రాసుకున్నారు. పైకి చూసినావా అని అడిగారు. చూసినాను సార్, మూడూ తెరుచుకున్నట్టే అనిపించింది అన్నాడు, అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అనిపించింది అనే ఒక్క మాటలో దాక్కుని పద్నాలుగేళ్లు గడిపాడు. ఎవరూ తనను ఏమీ అనలేదు, అదే అన్నిటికంటే బరువైపోయింది, వదినకు కరెంటాఫీసులో అటెండరు పని ఇచ్చారు, పన్నెండేళ్ల గంగరత్నను కళ్యాణదుర్గం హాస్టల్లో చేర్చడానికి ట్రంకు పెట్టె తనే మోశాడు, ప్రతి నెలా సువార్త చేసిన మురుకులు పట్టుకుని హాస్టలు గేటు దగ్గర నిలబడ్డాడు, తల్లిదండ్రుల మీటింగులో తండ్రి అని రాసున్న చోట సంతకం పెట్టమంటే వేలిముద్ర వెయ్యనా అని అడిగాడు, వార్డెను నవ్వింది. పాస్టరుగారు ఒక ఆదివారం అందరి ముందూ ఇమ్మానుయేల్ లాంటి స్నేహితుడు కావాలి అన్నాడు, తను ప్రార్థన మధ్యలో లేచి బయటికొచ్చేశాడు. దేవుడికి చెప్పాడు, చాలాసార్లు. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన కదిరమ్మ వదినలాగా మరుసటి రోజు ఆఫీసులో ఎదురుపడి టీ తాగుతావా అని అడగడు. వదిన మాత్రం ఏదో అడగబోయినట్టు ఆగేది, ఏళ్ల తరబడి, నోరు తెరిచి మూసేసేది, ఆమె నోరు తెరవగానే తను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాడు.

ఫోన్ మోగింది. అప్పుడే పదిన్నర అయిందా. తీసెయ్ చిన్నాయనా, అందరూ కూర్చున్నారు అంది గంగరత్న, వెనక పిల్లల గోల. సబ్‌స్టేషన్లో డ్యూటీలో ఉన్న లింగన్నకు ఫోన్లో ఒక మాట చెప్పి లేచాడు, రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు, పిడి తాళం తీశాడు, లాగాడు. టక్కుమంది. ట్రాన్స్‌ఫార్మర్ ఝుం ఆగిపోయింది, చెవుల్లోంచి ఎవరో దూది తీసినట్టు కీచురాళ్లు వినపడ్డాయి, ఊరు ఒక్కసారిగా లేకుండా పోయింది. టార్చి వేసి పైకి చూశాడు. ఒకటి. రెండు. మూడు. ఏ కత్తికి ఆ కత్తి దూరంగా జరిగి నోరు తెరుచుకుని ఉంది. పద్నాలుగేళ్లుగా ఇదే అలవాటు, ఒక్కొక్కదాన్నీ మూడేసిసార్లు చూస్తాడు, కుర్రవాళ్లు వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పిడికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, టార్చి ఆపాడు, తల దించడం మర్చిపోయాడు.

ఇన్ని ఉన్నాయా. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని చూసిన ఆకాశం ఇదేనా, అప్పటి నుంచీ ఇక్కడే ఉందా, తనే కదా స్తంభానికొక బల్బు బిగించి దీన్ని తరిమేసింది. దూరంగా గాలిమరల మీది ఎర్ర దీపాలు మాత్రం ఆరి వెలుగుతున్నాయి, వాటి పిడి తన చేతిలో లేదు. మడకశిర దిక్కున తేలు నిలువునా లేచి ఉంది, నడుములో ఎర్ర చుక్క, కిందికి వంక తిరిగిన తోక, అన్న వేలు పెట్టి చూపించినట్టే ఉంది. దాని ఎడమ పక్క నేలకు దగ్గరగా సన్నటి తెల్ల పొగలాంటిది, మేఘమనుకున్నాడు, కదలడం లేదు, మేఘం కాదు. బండ మీద ఎవరో కెటిల్, కెటిల్ అని అరిచారు, పిల్లలందరూ అందుకున్నారు, బాబావలి తన ఇత్తడి కెటిల్‌ను పైకెత్తి ఇట్లుంటాది చూడండప్పా అని చూపిస్తున్నట్టున్నాడు, నవ్వులు వినపడుతున్నాయి. ఊరు ఊరంతా చీకట్లో కూర్చుని నవ్వడం ఎన్నేళ్ల తర్వాత వింటున్నాడో, చీకటంటే ఇక్కడ మోటరు కాలిపోవడం, పాము కరవడం, పైరు ఎండిపోవడం.

చిన్న టార్చి వెలుగు ఒకటి ఊగుతూ వచ్చింది. గంగరత్న. పిల్లలను సువార్త చిన్నమ్మకు, బాబావలి మామకు అప్పజెప్పి వచ్చానంది, అందరూ చూస్తుంటే నువ్వొక్కడివే ఇక్కడ కాపలా ఉంటే నాకు బాగాలేదు అంది. టార్చి ఆపి పక్కన నిలబడి ఇమ్మానుయేల్ చెయ్యి పట్టుకుని ఎత్తింది, చూపుడువేలు చాపించి మెల్లగా కిందికి దించింది, ఇది కొండి, ఇప్పుడు ఎడమకు, ఇదిగో కెటిల్, ఇంకా పొయ్యి మీది నుంచి లేస్తూ ఉంది, అందుకే మూతి పైకి, పిడి కిందికి ఉంది, ఆ మూతికి కొంచెం అవతల, ఇంకొంచెం, ఆగు. ఇక్కడే. వేలికొస ఆగినచోట నిజంగానే ఏమీ లేదు, ఆ తెల్ల పొగ మధ్యలో నల్లటి మరక లాంటిది తప్ప. ఇరవై ఆరు వేల ఏళ్లు అనుకున్నాడు, ఇప్పుడు మాత్రం అది ఎక్కువనిపించలేదు. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది, పన్నెండేళ్లప్పుడు హాస్టలు గేటు లోపల్నుంచి చాపిన చెయ్యే.

"మా పిల్లోళ్ల అమ్మానాయనలు బయపడినారు చిన్నాయనా, చీకట్లో ఏమన్నా అయితే ఎట్ల అని. స్విచ్చి మా చిన్నాయన చేతిలో ఉండాది, మీకేం బయం లేదని చెప్పినా."

వేలు ఇంకా అక్కడే చాచి ఉంది. దించలేకపోయాడు. దించితే ఆ పిల్ల వైపు తిరగాలి, తిరిగితే చెప్పలేడు, ఇంకో పద్నాలుగేళ్లు.

"పాపా. ఆ పొద్దు నేను పైకి చూడలేదు."

"ఏ పొద్దు?"

"మీ నాయన ఎక్కిన పొద్దు. పిడి లాగి సప్పుడు ఇన్నా, అంతే. కాలిలో ముల్లు ఉంటే వంగి తీసుకుంటాండా. చూసినానని అందరికీ అబద్ధం చెప్పినా."

గంగరత్న చెయ్యి తన మణికట్టు మీద ఉండిపోయింది, తర్వాత లేదు. ఎప్పుడు తీసిందో తెలియలేదు. చీకట్లో ఆమె ముఖం కనపడలేదు, ఊపిరి మాత్రం వినపడింది, మెట్లెక్కి వచ్చినవాళ్ల ఊపిరి. బండ మీద ఎవరో పిల్ల టీచర్, టీచర్ అని పిలిచింది. నేను పోవల్ల, పిల్లోళ్లు ఉండారు అంది, ఆ గొంతులో ఏముందో పోల్చుకోలేకపోయాడు. రెండడుగులు వేసి ఆగింది.

"అమ్మకు చెప్పినావా?"

"లేదు."

టార్చి వెలిగించకుండానే వెళ్లిపోయింది.

కూసం మీద కూర్చున్నాడు. చెప్పేస్తే ఏదో దిగిపోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు, ఏదీ దిగలేదు, ఇంతకుముందు ఒక్కడి దగ్గర ఉన్నది ఇప్పుడు ఆ పిల్ల దగ్గర కూడా ఉంది, అంతే, ఆ పిల్ల దాన్ని పట్టుకుని బండ ఎక్కి పిల్లలకు నవ్వుతూ చుక్కలు చూపించాలి, ఎంత పని చేశాను, ఈ రోజే దొరికిందా. ఇక రేపటి నుంచి ఇంటికి రాదు. సువార్తకు ఏం చెప్పాలి. వచ్చే నెల ఆ పిల్లకు సంబంధం చూడ్డానికి కొత్తచెరువు నుంచి వాళ్లొస్తున్నారు, తండ్రి చోటులో నువ్వే కూర్చోవాలి అంది వదిన, ఆ చాప మీద ఇంక తన చోటు లేదు. ఉండాల్సింది కాదు కూడా. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. ఫోన్ మోగింది, పేరు చూసి కాసేపు అట్లాగే పట్టుకున్నాడు.

"చిన్నాయనా, ఇంగొక పది నిమిషాలు ఇస్తావా? చివర కూర్చున్నోళ్లు ఇంగా చూడలేదు."

చిన్నాయనా అంది. మామూలుగా అందా, అలవాటు కొద్దీ అందా, ముక్కు దిబ్బడ వేసినట్టుంది గొంతు, ఏడ్చి ఉంటుంది, అయినా అంది. ఇస్తా పాపా అన్నాడు. లింగన్నకు ఫోన్ చేసి ఇంకో పది నిమిషాలు అంటే ఏమప్పా, దేవుణ్ణి దింపుతాండారా అని నవ్వాడు అతను. ఆ పది నిమిషాలూ తల ఎత్తే కూర్చున్నాడు, కెటిల్ మరో రెండు వేళ్ల మందం లేచింది, దాని వెనక పొగ ఇంకా తెల్లబడింది.

పదకొండు పదికి తాళం తీసి పిడి పైకి తోశాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉలిక్కిపడి ఝుం అంది, వీధి దీపాలు వెలిగాయి, బండ మీద పిల్లలు అయ్యో అని ఒక్క గొంతుతో అన్నారు, తర్వాత జనం చాపలు దులుపుకుంటూ దిగడం మొదలైంది. దారి మలుపులో అందరూ ఊళ్లోకి తిరిగారు. ఒక్క మనిషి తిరగలేదు. చుట్టిన చాప చంకలో పెట్టుకుని కదిరమ్మ వదిన నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ వైపు వస్తోంది, దీపం కింద ఆమె నెరిసిన పాపిట కనపడింది. దగ్గరికొచ్చి నిలబడింది. పాప నీకాడికి పొమ్మనింది, ఏమో చెప్పేది ఉండాదంట కదా అంది. తను లేవబోయాడు, చెయ్యి ఊపి వద్దంది, చాప నేల మీద పరిచి ఎదురుగా కూర్చుంది.

చీకట్లో చెప్పడం వేరు, ఈ వెలుతురులో, ఆమె కళ్లల్లోకి చూస్తూ చెప్పడం వేరు. చెప్పాడు. గాలి దగ్గర మొదలుపెట్టి తెగిన తీగె, పిడి, ముల్లు, చప్పుడు, ఎక్కు అన్న తన మాట, విచారణలో ఆడిన అబద్ధం, ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా. అయిపోయాక ఆమె చాప కొసలోంచి బయటికొచ్చిన ఈనెను చాలాసేపు వేలితో లోపలికి తోసింది, అది మళ్లీ బయటికొచ్చింది. తిట్టు వదినా అన్నాడు. ఆమె తలెత్తింది.

"ఆయప్ప కింద పడినాక బతికే ఉన్నాడంట కదా, కొంచెంసేపు. ఈరప్ప చెప్పినాడు. నువ్వు పట్టుకునింటివంట."

"ఊ."

"ఏమన్నా అన్నాడా? పద్నాలుగేండ్ల నుంచి అడగల్లని ఉండాది నాకు. నోరు తెరిస్తే నువ్వు లేసి పోతావు."

అది ఆమె అడగబోయింది. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని కాదు. తన తప్పును దాచుకోవడానికి లేచిపోయిన ప్రతిసారీ ఆమెకు దక్కాల్సిన మాటను కూడా పట్టుకుపోయాడు.

"నీళ్లు అడిగినాడు. తాపినా. బతకనని ఆయనకు తెల్సిపోయింది వదినా, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కదిరికి ఇప్పుడే చెప్పొద్దప్పా, బయపడతాది, అన్నాడు."

కదిరి. ఆ పేరుతో ఊళ్లో ఇంకెవరూ పిలవరు, అందరికీ కదిరమ్మ, ఆఫీసులో కదిరమ్మ, ఓటరు కార్డులో కదిరమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. కొంగు తీసి ముఖం తుడుచుకుని చాప మీద ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చుంది.

"ఇంగోసారి చెప్పు," అంది. "ఆయప్ప ఎట్లన్నాడో అట్లే చెప్పు."